గొర్రెల మంద నుండి ఉన్ని దుస్తుల వరకు: నైతిక ఉన్ని జాడ గుర్తింపు – ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మెరీనో ఉన్ని ఆధారంగా ఒక పరిశీలన

సారాంశం

నైతిక పద్ధతులలో సేకరించిన ఉన్ని అని ఒక దుస్తుపై ముద్రించినప్పుడు ఆ మాటకు ఆధారం పోగులో ఉండదు. పొలం నుండి దుకాణం వరకు చేతులు మారిన ప్రతిచోట నమోదైన వివరాలలో ఉంటుంది. మెరీనో ఉన్ని ప్రయాణంలో ఏ దశలో ఏ గుర్తింపు నిలుస్తుందో, ఏ దశలో కరిగిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పరిమాణాల సరిచూపు, వేరుగా నిల్వచేయడం, పొలం స్థాయి తనిఖీ అనే మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా లేబులుపై మాట నిలువదని, దాని వలన గొర్రెకూ పెంపకందారునికీ నష్టం కలుగుతుందని వివరిస్తుంది. దక్కని గొర్రెల ఉన్నికి ఈ పాఠం ఎంతవరకు వర్తించునో చివర చర్చిస్తుంది.

ముఖ్య పదాలు: మెరీనో, మ్యూల్సింగ్, జాడ గుర్తింపు, సంరక్షణ శృంఖల, లావాదేవీ ధ్రువపత్రం, దక్కని గొర్రె

ఉపోద్ఘాతం

పాలు, మాంసం వంటి ఉత్పత్తులతో పోల్చినప్పుడు ఉన్ని ప్రయాణం చాలా దీర్ఘమైనది. ఒక దేశంలో కత్తిరించిన ఉన్నిని రెండవ దేశంలో కడిగి దువ్వుతారు, మూడవ దేశంలో వడుకుతారు, నాలుగవ దేశంలో అల్లి కుడతారు. దుస్తు కొనుగోలుదారుని చేతికి వచ్చేసరికి ఏడాదికి పైగా గడచిపోవచ్చు. ఈలోగా ఆ ఉన్ని ఎన్నో పొలాల ఉన్నితో కలిసిపోయి ఉంటుంది.

పోగు వ్యాసం, పొడవు, బలం, రంగు అనేవి ప్రయోగశాలలో కొలువదగిన గుణాలు. గొర్రెకు నొప్పి కలిగిందా, మేత భూమి కోతకు గురైందా, కత్తిరింపు కూలీలకు న్యాయమైన వేతనం అందిందా అనేవి పోగులో కనిపించని గుణాలు. బియ్యంలో తాలు ఉన్నదీ లేనిదీ చేతిలోకి తీసుకుని చూడవచ్చు. ఉన్నిలోని నైతికతను అలా చూడడం సాధ్యం కాదు. కనుక కనిపించని గుణానికి ధర చెల్లించే విపణిలో జాడ గుర్తింపు (ట్రేసబిలిటీ) ఒక్కటే ఆధారం అవుతుంది.

సమస్యకు మూలం: మ్యూల్సింగ్

నైతిక ఉన్ని చర్చకు ప్రధాన కారణం ఆస్ట్రేలియాలోని మ్యూల్సింగ్ పద్ధతి. మెరీనో గొర్రెల చర్మం ముడతలతో ఉంటుంది. తోక కింద, తొడల వెనుక భాగంలోని ముడతలలో మూత్రం, పేడ చేరి తేమ నిలుస్తుంది. అక్కడ లూసీలియా కుప్రినా అనే ఈగ గ్రుడ్లు పెడుతుంది. వాటి నుండి వెలువడిన పురుగులు సజీవమైన మాంసాన్ని తింటాయి. సకాలంలో గమనించకపోతే గొర్రె కొన్ని రోజులలోనే మరణిస్తుంది.

దీనికి నివారణగా దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన జాన్ మ్యూల్స్ 1930 ప్రాంతంలో ఒక పద్ధతిని రూపొందించెను. గొర్రెపిల్లల వెనుక భాగంలో ఉన్ని మొలిచే చర్మాన్ని కత్తెరతో పట్టీలుగా తొలగిస్తారు. గాయం మానిన తరువాత అక్కడ ఉన్ని లేని నున్నని మచ్చ ఏర్పడుతుంది. ఆ భాగానికి జీవితాంతం రక్షణ లభిస్తుంది. అయితే కోత తీవ్రమైన నొప్పిని కలిగిస్తుంది, గాయం మానడానికి వారాలు పడుతుంది.

అంతర్జాతీయ ఒత్తిడి పెరగడంతో, 2010 చివరికి ఈ పద్ధతిని విరమిస్తామని ఆస్ట్రేలియా ఉన్ని పరిశ్రమ 2004లో ప్రకటించింది. 2009లో ఆ గడువును వదులుకున్నది. న్యూజిలాండ్ 2018 అక్టోబరు 1 నుండి మ్యూల్సింగ్‌ను చట్టపరంగా నిషేధించింది. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2020 జూలై 1 నుండి మ్యూల్సింగ్ సమయంలో నొప్పి నివారణ మందు వాడకాన్ని తప్పనిసరి చేసింది.

ఇక్కడ విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన విషయం ఒకటి కలదు. మ్యూల్సింగ్‌ను ఆపివేసి మరే జాగ్రత్తా తీసుకోకపోతే గొర్రెలు పురుగుల పుండ్లతో బాధపడతాయి. అది కూడా హింసయే. ముడతలు తక్కువగా ఉన్న పొట్టేళ్లను ఎంపిక చేసి మందను తరతరాలుగా మార్చడం, వెనుక భాగపు ఉన్నిని ప్రత్యేకంగా కత్తిరించడం, ఈగల కాలానికి ముందు కత్తిరింపు జరపడం, తోకను సరియైన పొడవులో ఉంచడం, మందను తరచుగా పరిశీలించడం ప్రత్యామ్నాయాలు. వీటన్నిటికీ శ్రమ, ఖర్చు, కాలం అవసరం. ఆ ఖర్చు పెంపకందారునికి అధిక ధర రూపంలో తిరిగి రావాలంటే అతని ఉన్ని గుర్తింపు దుస్తు వరకు నిలవాలి. జాడ తెగితే మంచి పద్ధతిని పాటించిన రైతుకు, పాటించని రైతుకు ఒకే ధర లభిస్తుంది. అప్పుడు మార్పునకు ప్రోత్సాహం మిగలదు.

పొలం నుండి బేలు వరకు

ఆస్ట్రేలియాలో 2025 జనవరి 1 తరువాత పుట్టిన గొర్రెలకు ఎలక్ట్రానిక్ చెవి ట్యాగు తప్పనిసరి అయినది. విక్టోరియాలో ఇది 2017 నుండే అమలులో ఉన్నది. అయితే ఈ ట్యాగు వ్యాధి నియంత్రణకు, పశువుల కదలికల నమోదుకు ఉద్దేశించినది. కత్తిరింపు బల్లపై ఉన్ని గొర్రెను వీడిన క్షణమే ట్యాగుతో సంబంధం తెగిపోతుంది. ఆపై గుర్తింపుకు ఆధారం గొర్రె కాదు, బేలు.

కత్తిరింపు షెడ్డులో ఉన్నిని విస్తరించి అంచుల మురికి భాగాలను తీసివేస్తారు. పొట్ట ఉన్ని, తునకలు, మరకలున్న ఉన్ని వేరు చేస్తారు. శిక్షణ పొంది నమోదైన ఉన్ని వర్గీకరణకర్త నాణ్యతను బట్టి శ్రేణులుగా విభజిస్తాడు. ప్రతి శ్రేణిని నైలాన్ సంచులలో నొక్కి బేళ్లుగా కడతారు. బేలు బరువు 110 కిలోలకు తగ్గరాదు, 204 కిలోలకు మించరాదు. బేలుపై పొలం ముద్ర, ఉన్ని శ్రేణి, బేలు సంఖ్య, వర్గీకరణకర్త గుర్తు ఉంటాయి.

పెంపకందారుడు జాతీయ ఉన్ని ప్రకటన పత్రంలో తన మందకు మ్యూల్సింగ్ జరిగినదీ లేనిదీ తెలియజేస్తాడు. ఈ వివరం వేలం జాబితాలో ప్రతి లాటు పక్కన ముద్రితమవుతుంది. ప్రధాన వర్గాలు ఇవి:

1. మ్యూల్సింగ్ జరగని గొర్రెల ఉన్ని.
2. మ్యూల్సింగ్ విరమించిన పొలం ఉన్ని. గత 12 నెలలలో పుట్టిన పిల్లలకు కోత జరగలేదని దీని అర్థం. మందలోని పాత గొర్రెలకు మచ్చలు ఉండవచ్చు.
3. నొప్పి నివారణ మందుతో మ్యూల్సింగ్ చేసిన గొర్రెల ఉన్ని.
4. మందు లేకుండా మ్యూల్సింగ్ చేసిన గొర్రెల ఉన్ని.
5. ఏమీ ప్రకటించని ఉన్ని.

రెండవ వర్గం విషయంలో జాగ్రత్త అవసరం. విరమించిన పొలం ఉన్నిని అసలు మ్యూల్సింగ్ ఎరుగని ఉన్నిగా దుకాణంలో వర్ణిస్తే, పత్రంలో అబద్ధం లేకపోయినా లేబులులో అబద్ధం చేరుతుంది. ఇది పెంపకందారుడు చేసిన మోసం కాదు. పదాలను కుదించిన మధ్యవర్తి చేసినది. ప్రకటనలోని వర్గం పేరు మారకుండా చివరి వరకు ప్రయాణించాలన్నది జాడ గుర్తింపులో మొదటి నియమం.

వేలానికి ముందు ప్రతి లాటు నుండి నమూనాలు తీసి పోగు వ్యాసం, శుద్ధ ఉన్ని శాతం, గడ్డి గింజల వంటి వృక్ష పదార్థం పాలు పరీక్షిస్తారు. సిడ్నీ, మెల్‌బోర్న్, ఫ్రీమాంటిల్ నగరాలలోని కేంద్రాలలో వేలం జరుగుతుంది. ఇంతవరకు గుర్తింపు బలంగానే ఉంటుంది. బేలును చూసి పొలాన్ని గుర్తించవచ్చు.

బేలు నుండి వస్త్రం వరకు

గుర్తింపు కరిగిపోయే చోటు ఇక్కడి నుండి మొదలవుతుంది. దువ్వెన మిల్లుకు ఒకే వ్యాసం, ఒకే పొడవు, ఒకే బలం గల ఉన్ని పెద్ద పరిమాణంలో కావాలి. ఒక్క పొలం సాధారణంగా అంత ఉన్నిని ఇవ్వలేదు. కనుక కొనుగోలుదారుడు పలు పొలాల లాటులను కలిపి ఒక సరుకుగా రూపొందిస్తాడు. ఆస్ట్రేలియా ఉన్నిలో అధిక భాగం చైనాలోని మిల్లులకు చేరుతుంది.

మిల్లులో బేళ్ల సంచులు విప్పి, ఉన్నిని కలిపి, వేడినీటిలో డిటర్జెంటుతో కడుగుతారు. ఉన్ని కొవ్వు (దీని నుండే లానోలిన్ తీస్తారు), చెమట లవణాలు, మట్టి తొలగిపోతాయి. సంచి విప్పిన క్షణాన దానిపై ఉన్న పొలం ముద్రకు విలువ పోతుంది. తరువాత ఏకుట, దువ్వుట జరుగుతాయి. పొడవు పోగులు ‘టాప్’ అనే మెత్తని తాడుగా, పొట్టి పోగులు ‘నాయిల్’గా వేరవుతాయి. టాప్ వడుకు మిల్లుకు, నూలు అద్దకానికి, అద్దిన నూలు అల్లికకు, అల్లిన వస్త్రం కుట్టు కేంద్రానికి వెళ్తాయి. ప్రతి మజిలీలో యాజమాన్యం మారవచ్చు, దేశం మారవచ్చు, లాటు సంఖ్య తప్పక మారుతుంది.

అనగా గుర్తింపుకు ప్రమాణమే దశదశకు మారుతున్నది: గొర్రె, మంద, బేలు, వేలం లాటు, మిల్లు సరుకు, టాప్ లాటు, నూలు లాటు, దుస్తుల బ్యాచి. పాత సంఖ్యను కొత్త సంఖ్యతో జతపరచే నమోదు ఒక్కచోట లేకపోయినా మొత్తం శృంఖల తెగుతుంది.

సంరక్షణ శృంఖలలో మూడు పద్ధతులు

వస్తువు చేతులు మారుతున్నప్పుడు దాని గుణాన్ని కాపాడే ఏర్పాటును సంరక్షణ శృంఖల అంటారు. 2020లో వెలువడిన ఐఎస్ఓ 22095 ప్రమాణం ఇందులో పద్ధతులను నిర్వచించింది. ఉన్నికి సంబంధించి మూడింటిని తెలుసుకోవాలి.

మొదటిది మూలం నిలుపుదల పద్ధతి. ఒక పొలం ఉన్ని మరే ఇతర పొలం ఉన్నితోనూ కలవదు. ఖర్చు ఎక్కువ, చిన్న పరిమాణాలకే సాధ్యం. రెండవది విభజన పద్ధతి. ధ్రువీకృత పొలాల ఉన్ని తమలో తాము కలవవచ్చు, ధ్రువీకరణ లేని ఉన్నితో కలవరాదు. మూడవది పరిమాణ సంతులన పద్ధతి. భౌతికంగా అన్నీ కలిసిపోవచ్చు. కొన్న ధ్రువీకృత పరిమాణానికి మించి అమ్మకంలో పేర్కొనకుండా లెక్క మాత్రం చూస్తారు. ఈ మూడింటిలో ఏది అమలైనదో తెలియకుండా లేబులును అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

టెక్స్‌టైల్ ఎక్స్ఛేంజ్ సంస్థ 2016లో విడుదల చేసిన బాధ్యతాయుత ఉన్ని ప్రమాణం (ఆర్‌డబ్ల్యుఎస్) విభజన పద్ధతిని అనుసరిస్తుంది. ఈ ప్రమాణం మ్యూల్సింగ్‌ను నిషేధిస్తుంది. పశు సంక్షేమంతో పాటు మేత భూమి నిర్వహణను, కార్మికుల సంక్షేమాన్ని పరిశీలిస్తుంది. ఇందులోని పశు సంక్షేమ భావనకు మూలం బ్రిటన్‌లో 1965 నాటి బ్రాంబెల్ నివేదిక నుండి రూపుదిద్దుకున్న ‘ఐదు స్వేచ్ఛలు’: ఆకలిదప్పుల నుండి, అసౌకర్యం నుండి, నొప్పి, గాయం, వ్యాధుల నుండి, భయం, బాధల నుండి విముక్తి, సహజ ప్రవర్తనకు అవకాశం.

ఈ విధానంలో రెండు పత్రాలు ముఖ్యమైనవి. పరిధి ధ్రువపత్రం ఒక పొలం లేదా మిల్లు ప్రమాణాన్ని పాటించే అర్హత కలిగి ఉన్నదని తెలుపుతుంది. లావాదేవీ ధ్రువపత్రం ఫలానా సరుకు, ఇంత బరువు, ఫలానా వారి నుండి ఫలానా వారికి ధ్రువీకృత సరుకుగా మారినదని తెలుపుతుంది. మొదటిది మిల్లును గురించిన పత్రం. రెండవది సరుకును గురించినది. అర్హత గల మిల్లు సాధారణ ఉన్నిని కూడా నడుపుతుంది కనుక, పరిధి ధ్రువపత్రాన్ని మాత్రమే చూపి దుస్తును ధ్రువీకృతమని చెప్పడం సరికాదు. విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఇదే.

బరువుల సరిచూపు: ఒక లెక్క

తనిఖీదారుని చేతిలో ఉన్న సరళమైన సాధనం కూడికలు, తీసివేతలే. అవగాహన కోసం ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక మిల్లు సగటున 175 కిలోల బరువు గల 100 ధ్రువీకృత బేళ్లు కొన్నది. మొత్తం 17,500 కిలోల జిడ్డు ఉన్ని. పరీక్షలో శుద్ధ ఉన్ని 65 శాతం అని తేలినది అనుకుంటే కడిగిన ఉన్ని 11,375 కిలోలు. ఏకుట, దువ్వుటలో 8 శాతం పోగా టాప్ 10,465 కిలోలు. వడుకులో 5 శాతం పోగా నూలు సుమారు 9,942 కిలోలు. అల్లిక, కత్తిరింపులలో 10 శాతం పోగా దుస్తులుగా మిగిలేది సుమారు 8,948 కిలోలు. స్వెట్టరు ఒక్కటి 300 గ్రాములైతే సుమారు 29,800 స్వెట్టర్లు తయారవుతాయి.

ఇప్పుడు ఆ సరుకు ఆధారంగా 40,000 స్వెట్టర్లకు లేబులు వేసినట్లు తేలితే ఏమని భావించాలి? వాటి బరువు 12,000 కిలోలు. అది కడిగిన ఉన్ని మొత్తం కంటె ఎక్కువ. తరుగు లేకుండా తయారుచేసినా అసాధ్యం. అదనపు స్వెట్టర్లకు ఇంకా సుమారు 34 బేళ్ల ఉన్ని అవసరం. దానికి పత్రం లేదు.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉన్నది. ధ్రువీకృత ఉన్నిని తీసి అంతే బరువు గల సాధారణ ఉన్నిని దాని స్థానంలో పెడితే బరువులు సరిపోతాయి, లెక్క దొరకదు. కనుక నిల్వ గదిలో వేరు స్థలం, లాటుకు రంగు గుర్తు, ఒక లాటు ముగిసిన తరువాత యంత్రాలను శుభ్రపరచిన నమోదు, రాత్రి షిఫ్టు పుస్తకం వంటివి చూడవలసి ఉంటుంది. కాగితం పరిమాణానికి సాక్షి; నేలమీది ఏర్పాటు స్వరూపానికి సాక్షి.

పోగు చెప్పగలిగినది, చెప్పలేనిది

నేల, నీరు, మేతలలోని సూక్ష్మ మూలకాలు, ఐసోటోపుల నిష్పత్తి ఉన్నిలో ప్రతిఫలిస్తాయి. ప్రాంతాల వారీగా నమూనాలు సేకరించి ఉంచుకుంటే, ఒక ఉన్ని చెప్పిన ప్రాంతానికి చెందినదా కాదా అని రసాయన విశ్లేషణ ద్వారా పోల్చవచ్చు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరం కేంద్రంగా ఈ సేవ వాణిజ్యపరంగా అభివృద్ధి చెందింది. పత్రాలలోని మూలస్థానాన్ని స్వతంత్రంగా సరిచూడడానికి ఇది ఉపయోగకరం. అయితే ఈ పరీక్ష ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకే సమాధానం ఇస్తుంది. ‘ఎలా’ అన్న ప్రశ్నకు ఇవ్వదు. ఒకే లోయలో పక్కపక్కన ఉన్న రెండు పొలాలలో ఒకచోట గొర్రెలను దయతో, మరొకచోట క్రూరంగా చూసినా ఉన్ని రసాయనికంగా ఒకే తీరున ఉండవచ్చు.

2015లో జరిగిన ఒక సంఘటన ఈ తేడాను స్పష్టం చేసింది. అమెరికాకు చెందిన ఒక దుస్తుల సంస్థ అర్జెంటీనాలోని పొలాల బృందం నుండి ఉన్ని కొనేది. పచ్చిక భూముల పునరుద్ధరణ అక్కడి ప్రధాన లక్ష్యం. మూలం తెలిసిన ఉన్నియే. అక్కడ గొర్రెల పట్ల క్రూరత్వాన్ని చూపే వీడియో వెలువడగానే ఆ సంస్థ కొనుగోలు ఆపివేసి, మరుసటి ఏడాది పశు సంక్షేమాన్ని కూడా చేర్చి తన స్వంత ఉన్ని ప్రమాణాన్ని ప్రకటించింది. జాడ తెలియడం వేరు, ఆ జాడ చివర ఉన్న పొలంలో ఏమి జరుగుతున్నదో తెలియడం వేరు. భూమికి మేలు చేసే పొలం గొర్రెకు కూడా మేలు చేస్తుందని తనంతట తానుగా చెప్పలేము.

కొనుగోలుదారుని వరకు: న్యూజిలాండ్ ప్రయత్నం

న్యూజిలాండ్ మెరీనో కంపెనీ వేలంపై ఆధారపడక పెంపకందారులకు, దుస్తుల సంస్థలకు మధ్య నేరుగా దీర్ఘకాలిక ఒప్పందాలు కుదిర్చింది. పశు సంక్షేమం, పర్యావరణం, నాణ్యతలకు సంబంధించిన ‘జెడ్‌క్యూ’ నియమాలను ఒప్పందంలో భాగం చేసింది. ధర ముందుగా తెలియడం వలన పెంపకందారుడు ముడతలు లేని మంద వైపు మారేందుకు కొన్నేళ్ల వ్యవధి లభిస్తుంది.

అక్కడి ఐస్‌బ్రేకర్ సంస్థ 2008లో ‘బాకోడ్’ అనే ఏర్పాటు ప్రారంభించింది. దుస్తు లోపల ముద్రించిన సంఖ్యను అంతర్జాలంలో నమోదు చేస్తే ఆ ఉన్ని వచ్చిన పొలాల వివరాలు కనిపించేవి. అవి ‘పొలాలు’ అన్నది గమనార్హం. కలిపిన సరుకు నుండి తయారైన దుస్తుకు ఒకే పొలాన్ని చూపడం నిజాయితీ కాదు. ఆ బ్యాచిలో చేరిన పొలాల సమూహాన్ని చూపడమే నిజం. ఈనాడు దుస్తులపై కనిపించే క్యూఆర్ సంకేతాలను కూడా ఇదే ప్రశ్నతో పరిశీలించాలి: అది చూపుతున్నది బ్యాచి పొలాలనా, లేక ప్రచారానికి ఎంచుకున్న ఒక అందమైన పొలాన్నా?

దక్కని ఉన్నికి వర్తింపు

2019 పశుగణన ప్రకారం దేశంలోని 7.4 కోట్ల గొర్రెలలో తెలంగాణ సుమారు 1.9 కోట్లతో మొదటి స్థానంలో, ఆంధ్రప్రదేశ్ సుమారు 1.76 కోట్లతో రెండవ స్థానంలో ఉన్నాయి. వీటిలో అత్యధికం మాంసం కోసం పెంచేవి. నెల్లూరు జాతికి ఉన్ని ఉండదు. దక్కని జాతి ముతక ఉన్నిని ఇస్తుంది. దానితో కురుమ కుటుంబాలు నూలు వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంట మగ్గంపై గొంగడి నేస్తాయి. మాంసం బరువు కోసం నెల్లూరు పొట్టేళ్లతో సంకరం జరిపిన మందలలో ఉన్ని తగ్గిపోవడం వలన నేతకు ముడిసరుకు కొరత ఏర్పడుతున్నది.

మెరీనో ప్రయాణానికి గొంగడి ప్రయాణం పూర్తిగా భిన్నం. మంద, కత్తిరింపు, వడుకు, నేత తరచుగా కొన్ని గ్రామాల పరిధిలోనే ముగుస్తాయి. బేలును విప్పి కలిపే మిల్లు మధ్యలో లేదు. ఖరీదైన మూలం నిలుపుదల పద్ధతి ఇక్కడ సహజంగానే అమలులో ఉన్నది. లోపించినది జాడ కాదు, నమోదు. కాగితంపై లేని జాడకు దూరప్రాంత విపణిలో విలువ కట్టేవారు లేరు.

అందుచేత విస్తరణ కార్యకర్తలు మెరీనో ప్రమాణాలను యథాతథంగా రుద్దనవసరం లేదు. మ్యూల్సింగ్ ఇక్కడి సమస్య కాదు. ఇక్కడి మందలకు తగిన ప్రశ్నలు వేరు: కత్తిరింపులో చర్మం తెగిన గాయాలకు మందు వేశారా? మంద దక్కని జాతిదా, సంకరమా? ఉన్ని బరువు ఎంత, ఎవరికి ఏ ధరకు అమ్మారు? వడికిన స్త్రీలకు కూలి ఎంత ముట్టింది? గొంగడిలో కొన్న నూలు ఏమైనా కలిసిందా? ఈ అయిదు ప్రశ్నలకు సమాధానాలు ఒక్క పుస్తకంలో తేదీతో నమోదైతే, అది మొదటి సంరక్షణ శృంఖల అవుతుంది. పెంపకందారుల సహకార సంఘాలు ఆ పుస్తకాన్ని నిర్వహించుకొనగలవు.

ముగింపు

నైతిక ఉన్ని అన్న మాటకు మూడు కాళ్లు ఉన్నవి: పొలంలో ఏమి జరిగినదో చూచిన తనిఖీ, దారిలో ఇతర ఉన్ని కలవకుండా కాపాడిన విభజన, కొన్నదానికి అమ్మినదానికి పొంతన చూపే లెక్క. తనిఖీ లేని జాడ చిరునామా మాత్రమే చూపుతుంది. విభజన లేని లెక్క మార్పిడిని పట్టలేదు. లెక్క లేని విభజన అదనపు అమ్మకాన్ని ఆపలేదు. వీటిలో ఏ ఒక్కటి విరిగినా అధిక ధర మధ్యలోని వారికి చేరుతుంది. ముడతలు లేని మందను తీర్చిదిద్దడానికి ఏళ్ల తరబడి శ్రమించిన పెంపకందారునికి చేరదు. అతడు ఆ శ్రమను విరమిస్తే దాని ఫలితం తదుపరి ఋతువులో పుట్టే గొర్రెపిల్లపై పడుతుంది. విద్యార్థి ఏ ధ్రువపత్రాన్ని చేతిలోకి తీసుకున్నా, ఈ మూడింటిలో అది దేనికి సాక్ష్యమిస్తున్నదో, దేనికి ఇవ్వడం లేదో ముందుగా నిర్ణయించుకొనవలెను.